వాచీల బల్ల మీద ఖాళీ

ఏదడిగినా సూటిగా జవాబు చెప్పడం పైడిరాజు మాస్టారికి ఇంటా వంటా లేదు. పార్వతీపురంలో నలభై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపిన మనిషి. అది మూసేశాక కూడా ఆదివారాలు నలుగురైదుగురికి ఫొటోలు తియ్యడం నేర్పేవారు. నేర్పడమంటే పాఠం చెప్పడం కాదు. ప్రశ్న అడిగినవాళ్లకి ఏదో ఒక పని పురమాయించేవారు, అంతే. విసుగెత్తి మానేసినవాళ్లూ ఉన్నారు. కుసుమ మానలేదు.

ఆ ఆదివారం ఆయన్ని బజారులో తన తండ్రి వాచీల కొట్టుకి వెంటబెట్టుకొచ్చింది. తండ్రి గవరయ్య పోయి ఎనిమిది నెలలైంది. మర్నాడు కొట్టు ఖాళీ చేసి తాళాలిచ్చెయ్యాలి. ఊళ్లో సగం మంది వాచీలు బాగుచేసిన ఆ మనిషి పనిలో ఉండగా తీసిన ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎవరైనా కెమెరా ఎత్తితే చాలు, పని ఆపి, చొక్కా సర్దుకుని కొయ్యలా బిగుసుకుపోయేవాడు. అందుకే, కనీసం నాన్న పనిచేసిన బల్లనైనా ఫొటో తీసి దాచుకుందామని కూతురి ఆశ. రేపటికి ఆ బల్లా ఉండదు.

పొద్దున్నుంచీ తీస్తూనే ఉంది. బల్ల తుడిచింది. కంటికి పెట్టుకునే భూతద్దం, పట్టకారు, సన్నకత్తి, నూనె గిన్నె, నాన్న టీ గ్లాసు, అన్నీ తళతళలాడేలా కడిగి, పొడుగువి వెనక, పొట్టివి ముందు ముచ్చటగా పేర్చింది. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకుంది. ముప్పై ఫొటోలు తీసింది. ఒక్కటీ మనసుకి ఆనలేదు.

"మీ దగ్గర నేర్చుకున్నట్టే తీశాను మాస్టారూ. బొమ్మలకొలువులా ఉంది గానీ నాన్న బల్లలా లేదు. ఇంకేం సర్దాలి?" అంది.

మాస్టారు బల్లకేసి కాసేపు చూసి, తన చేతి వాచీ విప్పి ఇచ్చారు.

"ఇది పొద్దున ఆగిపోయినట్టుంది. మీ నాన్న స్టూలు మీద కూర్చుని, వెనక మూత తీసి చూడమ్మా."

"నాకు బాగుచెయ్యడం రాదు కదా మాస్టారూ!"

"బాగుచెయ్యమన్నానా? చూడమన్నాను."

ఇదెక్కడి గోలరా బాబూ అనుకుంటూనే కూర్చుంది. కూర్చుందో లేదో లేచి ఫ్యాను ఆపింది. గాలికి చక్రాలు ఎగిరిపోతాయని, ఎంత మండుటెండలోనైనా సరే, పని మొదలెడితే నాన్న ఫ్యాను వెయ్యనిచ్చేవాడు కాదు. ముచ్చటగా పేర్చినవన్నీ మోచేత్తో పక్కకి నెట్టింది. భూతద్దం, పట్టకారు కుడిచేతి దగ్గరికి లాక్కుంది. నూనె గిన్నెని చెయ్యి తగలకుండా మూలకి జరిపింది. పాత క్యాలెండరు కాగితం చింపి, తెల్లవైపు పైకి వచ్చేలా ముందు పరుచుకుంది. కత్తితో మూత లేపి చూస్తే వాచీ నిక్షేపంలా నడుస్తోంది. ఆ సంగతి అడుగుదామని నోరు తెరిచేలోపే ఆమె చెయ్యి టీ గ్లాసు అందుకుని, తీసి పక్కన పెట్టిన మూత మీద బోర్లించేసింది.

బోర్లించిన చేతిని తనే వింతగా చూసుకుంది. నాన్న టీ తాగగానే గ్లాసు తుడిచి, విప్పిన చక్రాల మీద ఇలాగే బోర్లించేవాడు. బడి నుంచి వచ్చి పక్కన చేరితే, "తుమ్మకే తల్లీ! తుమ్మావంటే చక్రం కోసం పార్వతీపురమంతా వెతకాలి," అని నవ్వేవాడు. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ గుర్తురాని మాట అది. కుసుమకి ఏడుపొచ్చింది. పెద్దాయన ఎదురుగా ఉన్నారని కూడా ఆగలేదు.

మాస్టారు తనివితీరా ఏడవనిచ్చారు. తరవాత, "ఇక లేచి చూడు. ఏదీ కదపకు," అన్నారు.

కుసుమ కళ్లు తుడుచుకుని కెమెరాలోంచి చూసింది. గ్లాసూ, వాచీతో సహా సామానంతా అంచులకి పోయింది. మధ్యన తెల్లకాగితం మీద జానెడు మేర ఏమీ లేదు. నేర్చుకున్న విద్య ఊరుకోనిస్తుందా! భూతద్దం తీసి అక్కడ పెట్టబోయింది.

"ఇక్కడ మరీ ఖాళీగా ఉంది మాస్టారూ. ఇది పెడితే నిండుగా ఉంటుంది."

మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఖాళీ ఎక్కడుందమ్మా? అక్కడ మీ నాన్న చేతులున్నాయి కదా."