ఐవీ ఆకు తినకుండా వదిలేసిన అంచు

ఒకప్పుడు కిటికీలో పెంచే ఐవీ తీగకి తెల్లంచు ఉండేది కాదు. ఆకు మొత్తం పచ్చే. ఈ కొస నించి ఆ కొస దాకా ఒక్క చుక్క తెలుపు లేదు.

ఆ రోజుల్లో ఈరమ్మ అని ఒకావిడ బట్టలు నేసేది. ఆవిడ ఇంటికి ఒకటే గది, ఒకటే కిటికీ. కిటికీ ఎదురుగా నేలలో గుంట తవ్వి మగ్గం పెట్టుకుంది. కిటికీ గట్టు మీద మూతి విరిగిన కుండలో ఐవీ తీగ ఉండేది. చలికొండల నించి రంగులమ్ముకుంటూ వచ్చినాయన ఇచ్చిపోయిన కొమ్మ అది.

ఈరమ్మ దాన్ని ముద్దుగా పెంచింది. అదీ సిగ్గు లేకుండా పెరిగింది. ముందు కుండ నిండింది, తర్వాత గోడ పట్టుకుంది, ఆఖరికి కిటికీ మొత్తం కప్పేసింది. ఎండాకాలం కదా, చల్లగా ఉందిలే అనుకుంది ఈరమ్మ.

ఇంతలో మేనకోడలు రత్తాలుకి పెళ్లి కుదిరింది. మధుపర్కాలు ఈరమ్మే నెయ్యాలి. తెల్ల చీర, తెల్ల పంచె, రెండిటికీ సన్నటి పచ్చంచు. అవి కట్టుకుంటేనే పీటల మీద కూర్చోబెడతారు. ముహూర్తం ఇంకా నాలుగు రోజులే.

ఈరమ్మ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. పొద్దున నించి సాయంత్రం దాకా నేసింది. నేసిందాన్ని వేలితో తడిమి చూస్తే అంచులో పోగులు మూడు చోట్ల తెగున్నాయి. తీగ కప్పిన ఆ చీకట్లో కంటికి ఆనలేదు. మొత్తం ఊడదీసింది. ఒక రోజు పోయింది.

మర్నాడు పొద్దున్నే కిటికీ వైపు తిరిగి అరిచింది.

"ఓ సూరన్నా! ఏం, మా ఇంటికి రానని ఒట్టేసుకున్నావా?"

"రోజూ వస్తూనే ఉన్నా" అన్నాడు సూర్యుడు బయట నించే. "కిటికీ దగ్గరే నీ తీగ పట్టుకుని తినేస్తోంది. నీకు ఆకులు కనపడుతున్నాయి. నాకు మాత్రం అవన్నీ నోళ్లే."

ఈరమ్మ తీగని నిలదీసింది. "ఏమే, వెలుగు తింటున్నావా?"

"మరి నువ్వేం పెడుతున్నావత్తా? నీళ్లు. అదీ పూటకోసారి. ఉట్టి నీళ్లు తాగి ఎవరన్నా బతుకుతారా? కింద నా వేళ్లు కుళ్లిపోతున్నాయ్."

"సరేలే, కాస్త జరుగు."

"గోడ వదిలితే పడిపోతా. నువ్వే మగ్గం జరుపుకో."

"గుంటని జరుపుతారా ఎక్కడన్నా?"

"దీపం పెట్టుకో."

"మసి పట్టిన మధుపర్కాలు నువ్వు కట్టుకుంటావా?"

ఈరమ్మ పోగులు కోసే కత్తెర తీసి తీగ మొదట్లో పెట్టింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, గదంతా వెలుగే. కానీ వేళ్లు నొక్కలేదు. వేలెడు కొమ్మని ఇంత చేసింది తనే మరి.

"ఆగత్తా" అంది తీగ. "అసలు నీకెంత వెలుగు కావాలి?"

ఆ లెక్క ఈరమ్మ ఎప్పుడూ వేసుకోలేదు. మగ్గం మీది పోగులు తడిమి చూసింది. "తెల్ల పోగు చేతికే తెలిసిపోతుంది. అంచు దగ్గరే చూసుకోవాలి."

"అయితే నేనూ అంచు వదిలేస్తా. అక్కడ తినను. మధ్యలో తింటా. అదీ మానేస్తే చచ్చిపోతా."

"ఆకలెయ్యదా?"

"వేస్తుంది. మెల్లగా పెరుగుతా, అంతే."

విస్తట్లో అన్నం మధ్యకి లాక్కున్నట్టు, ప్రతి ఆకూ తన పచ్చని మధ్యకి లాక్కుంది. చుట్టూ తెల్లగా మిగిలింది. ఆ తెలుపులోంచి పల్చటి మజ్జిగ లాంటి వెలుగు మగ్గం మీద పడింది.

"దారి దొరికింది!" అని సూర్యుడు ఎగేసుకుంటూ మీదకొచ్చాడు.

"అబ్బా!" అంది తీగ. తినే పచ్చ లేని చోట ఎండ ఊరికే కూర్చుని మాడుస్తుంది. రెండు ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి.

"దూరంగా నిలబడు సూరన్నా! వెలుగు ఇటియ్యి, మంట నీ దగ్గరే ఉంచుకో" అని ఈరమ్మ కిటికీ బయట పల్చటి గుడ్డ కట్టింది.

మూడు రోజులు గుంటలోంచి లేవకుండా నేసింది. పెళ్లి పొద్దున మధుపర్కాలు అందాయి. రత్తాలు పీటల మీద కూర్చుంది. అంచు గురించి ఎవరూ ఏమీ అడగలేదు. బాగున్నదాని గురించి ఎవరడుగుతారు?

ఇంటికొచ్చి ఈరమ్మ అంది, "పనైపోయిందే. ఇంక తినెయ్."

"వద్దులే. రేపు ఇంకెవరికో పెళ్లి కుదురుతుంది. మాటిమాటికీ పచ్చని లాగుతూ కూర్చోలేను. కానీ నన్ను మూలకి మాత్రం నెట్టకు. వెలుగు లేని చోట ఇచ్చిన మాట మీద నిలబడలేను."

"మరి నీళ్లు?"

"మన్ను మీద వేలు పెట్టి చూడు. పొడిగా తగిలితేనే పొయ్యి."

ఈరమ్మ కత్తెరని పోగుల బుట్టలో పడేసింది.

అప్పటినుంచే కిటికీ పక్కనుండే ఈ ఐవీకి ఆకు చుట్టూ తెల్లంచు. బయట గోడల మీద పాకే దాని చుట్టాలు ఎవరికీ మాటివ్వలేదు, అవి ఇప్పటికీ మొత్తం పచ్చే. మీ ఇంట్లో కుండీని చీకటి మూలలో పెడితే కొత్తాకు పచ్చగానే వస్తుంది. అది జబ్బు కాదు. ఆకలికి తట్టుకోలేక అంచు తినేసింది.