పైడమ్మ చెక్కనేల

అనగనగా ఒక కొండకింద ఊరు. ఎప్పుడని మాత్రం అడక్కండి, మా ముత్తవ్వకే తెలీదు. ఊఁ కొడితే చెబుతాను, కునుకు తీస్తే మానేస్తాను.

ఆ ఊళ్ళో నరసరాజని ఒక దొర. ఆయన తాత కొండమీది టేకు కోయించి, మేడమీది గదికి చెక్కనేల పరిపించాడు. అంతవరకు బాగానే ఉంది. మరి నేలన్నాక అలకాలా, వద్దా? ఆ ఇంటి ఆడవాళ్ళకు తెలిసింది అదొక్కటే. మట్టినేలకు చేసినట్టే చెక్కనేలకీ ప్రతి శుక్రవారం పేడనీళ్ళు పోయించి అలికించారు. చోద్యం కాకపోతే ఏమిటి, చెప్పండి!

ముప్ఫై ఏళ్ళుగా అలికేది పైడమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు. దొరగారి పెరట్లో ఒక పాక, అంతే ఆమెకున్నది. చెప్పిన పని చేసేది, పెట్టింది తినేది.

చెక్క నల్లబడింది. ఉబ్బింది. పేళ్ళు లేచింది. ఒకనాడు దొర కాల్లో చెక్కపేడు ముల్లులా దిగింది. ఆయన కోపం చూడాలి మరి! పట్నం నుంచి వడ్రంగిని పిలిపించాడు. చెక్క కుళ్ళిపోయింది, పీకి పొయ్యిలో పెట్టి నాపరాళ్ళు పరిపించుకోండి అన్నాడా వడ్రంగి. పాడుచేసిన పైడమ్మని పాక ఖాళీ చేసి పొమ్మన్నాడు దొర. అలకమన్నవాళ్ళు ఒక్కరూ నోరు మెదపలేదు. మెదుపుతారా? ఎవరి తప్పైనా చేసిన చేతికే చుట్టుకుంటుంది.

చెక్క పీకడానికని పట్టెమంచం జరిపారు. మంచంకోళ్ళ కింద పేడనీళ్ళు చేరలేదు. అక్కడ నాలుగు మచ్చలు పసుపుకొమ్ముల్లా పచ్చగా ఉన్నాయి. పైడమ్మ చూసింది. వెళ్ళి దొర ముందు నిలబడింది.

"బాబూ, చెడింది పైతోలే. లోపల చెక్క నిక్షేపంలా ఉంది. మూడు శుక్రవారాలు గడువియ్యండి. నా వల్ల కాకపోతే నేనే మూట కట్టుకుపోతాను."

వడ్రంగి నవ్వాడు. దొర మాత్రం సరేనన్నాడు.

మొదటి వారం కవ్వాలు నునుపు చేసే గరుకాకు కోసుకొచ్చింది. రుద్దింది, రుద్దింది, రుద్దింది. అయితే ముప్ఫై ఏళ్ళ అలవాటు చెయ్యి ఊరికే మానుతుందా? అలికినట్టే అర్ధచంద్రాకారంలో తిప్పేసింది. శుక్రవారానికి నేలంతా వంకర గీతలు. చూడవచ్చిన వడ్రంగి మళ్ళీ నవ్వాడు. పైడమ్మ పాకలో కూచుని ఏడ్చింది. ఏడవదా మరి, ఆ వయసులో ఎక్కడికి పోతుంది?

రెండో వారం చెక్కలో పొడుగునా పోయే చారను కళ్ళుపెట్టి చూసింది. చార ఎటు పోతే చెయ్యి అటే. కుడిచెయ్యి తిరగబోతే ఎడమచేత్తో పట్టి ఆపేది. రుద్దింది, రుద్దింది, రుద్దింది. గీతలు పోయాయి, నలుపు పోయింది, పేళ్ళు పోయాయి. ఈసారి వడ్రంగి నవ్వలేదు.

మూడో వారం అవిసెనూనెలో తేనెమైనం కరిగించి, గుడ్డతో పలచగా పూసింది. ఆరనిచ్చి మళ్ళీ పూసింది. ఆరనిచ్చి మళ్ళీ పూసింది. మూడో శుక్రవారం పొద్దున తలుపులు తీశారు. ఎండ వచ్చి నేలమీద పడింది. అబ్బ, ఏం చెప్పను! గదంతా టేకు చారలు ధగధగలాడాయి. నీళ్ళచుక్క వేస్తే ఇంకకుండా జారిపోయింది. వడ్రంగి వంగి నేలను తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

దొర లోపలికి అడుగు వెయ్యబోయి గడప దగ్గర ఆగాడు. పైడమ్మ బయట గోడవార నిలబడి ఉంది. అలికేవాళ్ళు వంగి వెనక్కి వెనక్కి జరుగుతూ బయటికి పోతారు, తడినేల తొక్కరు. ముప్ఫై ఏళ్ళలో ఆ గదిలో ఆమె నిటారుగా నడిచింది లేదు. ఆ సంగతి దొరకు అప్పుడు తట్టింది.

"పైడమ్మా," అన్నాడు. అంతవరకు ఏమే, ఒసే తప్ప పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. "నేను తర్వాత వస్తాను. ముందు నువ్వు నడువమ్మా."

పైడమ్మ నడిచింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, తలెత్తుకుని. ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడి చూశారు.

పైడమ్మ పోయి ఎన్ని తరాలైందో. ఆ వైపు ఇప్పటికీ చెక్కనేలకు పేడనీళ్ళు తగలనివ్వరు. ఏడాదికోసారి నూనె, మైనం పట్టిస్తారు. ఆరాక తలుపు తీసిన రోజున ఎంతటి గొప్పవాడొచ్చినా గడప అవతల ఆగాల్సిందే. "రుద్దినోళ్ళదే తొలి అడుగు" అంటారు. రుద్దిన మనిషి తలెత్తుకుని ఆ గోడ దాకా నడిచి వచ్చాకే, ఇంటి యజమాని లోపల కాలు పెడతాడు.