బడి గోడ పక్కన ఆకు దుకాణం

తుమ్మలకోన అడవిలో గంజాయాకు మీద నిషేధం ఎన్నాళ్లుందో, పొదల చాటున ఆ ఆకు నమలడమూ అన్నాళ్లూ ఉంది. పట్టుకోవాల్సిన కాపలా కుక్కే కళ్లెర్రగా చేసుకుని తూలుతుంటే ఇంక పట్టుకునేదెవరు? చివరికి పంచాయతీ వారు విసిగిపోయి నిషేధం ఎత్తేశారు. ఇకమీదట ఆకు అమ్మాలంటే లైసెన్సు ఉండాలి, అడవి మొత్తానికి ఒక్కటే దుకాణం అని తీర్మానించారు. అంత పెద్ద పని చేసిన అలసటతో అధ్యక్షుడు ఎలుగుబంటి కుర్చీలోనే కునుకు తీశాడు.

షరతులు రాసింది కార్యదర్శి కొండముచ్చు. ఆకు కొనడానికొచ్చిన జంతువు తాను పిల్ల కాదని రుజువుగా కొమ్ములు చూపించాలట.

"మాకు కొమ్ములెప్పుడొస్తాయండీ?" అని కుందేళ్లు అడిగాయి.

"దరఖాస్తు పెట్టుకోండి, పరిశీలిస్తాం" అన్నాడు కొండముచ్చు, తల ఎత్తకుండానే.

అన్నిటికంటే గట్టి షరతు ఇంకోటుంది. దుకాణం పిల్లల బడికి రెండు వందల అంగలకి తగ్గకుండా దూరంగా ఉండాలి. ఆ షరతు విని అందరూ సంతోషించారు. నక్క జంబయ్య మరీ సంతోషించాడు. సరిగ్గా బడి గోడ పక్కనే స్థలం చూసుకుని దరఖాస్తు పెట్టేశాడు.

అభ్యంతరాలు వినడానికి పొద్దున్నే పంచాయతీ బడి ముందే కూర్చుంది. మొదట లేచింది బడిపంతులమ్మ, మేక సూరమ్మ.

"అధ్యక్షా! ఆ గోడ నా మోకాలెత్తు కూడా లేదు. అవతల ఆకు ఘుమఘుమలాడుతుంటే ఇవతల చదువు సాగుతుందా?"

"పిల్లలకి నేనమ్మనుగా పంతులమ్మా! కొమ్ములు చూసే ఇస్తాను" అన్నాడు జంబయ్య, వినయంగా.

"పిల్లల సంగతి సరే, మరి నా సంగతో? నాకు రెండు కొమ్ములున్నాయి, పైగా మేకని. కంటి ముందు ఆకు ఊగుతుంటే నా మీద నాకే నమ్మకం లేదు. వారం తిరక్కుండా బడి మూతపడుతుంది, ఇప్పుడే చెబుతున్నా!"

సభంతా చెవులు నిక్కబొడుచుకుంది. అంత నిజం ఆ పంచాయతీలో అంతకుముందెవరూ చెప్పలేదు మరి.

వెనక వరసలో నిలబడ్డ ముసలి ఎద్దు మైలయ్య మెడ చాచి ముందుకొచ్చాడు. అతని మనవరాలు లచ్చి ఆ బడిలోనే చదువుతోంది. మైలయ్య తాతా, తండ్రీ, తనూ కాడి కింద బతికినవాళ్లే. మెడ మీద కాడి పడకముందు నాలుగక్షరాలు నేర్చుకుంటున్న మొదటి దూడ ఆ ఇంట్లో అదే. బడి పోతే దాని చదువు పోయినట్టే.

"దూరం కొలిస్తే సరిపోతుంది కదండీ!" అన్నాడు జంబయ్య.

కొలతల విషయంలో తుమ్మలకోనకి ఓ ఆచారముంది. దరఖాస్తు పెట్టినవాడే కొలిచేవాణ్ణి వెంటబెట్టుకు రావాలి. పంచాయతీకి ఒకప్పుడు సొంత కొలతగాడు ఉండేవాడు, జింక. ఓ రోజు అంగలు వేస్తూ వేస్తూ పక్క అడవిలోకి వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది.

జంబయ్య చెవి వెనక నుంచి ఓ చీమని తీసి గోడ దగ్గర దింపాడు. అందరూ బోర్లా పడుకుని చూశారు. చీమ దర్జాగా నడిచి, రెండు వందలవ అంగ దగ్గర ఆగింది. సూరమ్మ మెడ సగం చాస్తే అందేంత దూరమది.

"ఇదెక్కడి అన్యాయం!" అని అరిచింది సూరమ్మ.

కొండముచ్చు కాగితాలు తిరగేశాడు. "ఎవరి అంగలనేది షరతులో రాయలేదమ్మా. అంగంటే అంగే."

"అయితే ఇచ్చేయండి" అన్నాడు ఎలుగుబంటి, కళ్లు తెరవకుండానే.

సూరమ్మ ఏడుపు మొదలెట్టింది. మైలయ్య మాత్రం నెమరు వేస్తూ నిలబడ్డాడు. ఏ మాటైనా రెండుసార్లు నమిలిగానీ బయటపెట్టడు. ఆ రోజు మూడుసార్లు నమిలాడు.

"జంబయ్యా, నేనడ్డం రాను గానీ నీ మంచికోసం ఒక మాట" అన్నాడు. "రేపు ఏనుగు అధ్యక్షుడైతే? తన అంగలతో కొలిచి నీ దుకాణం పీకించేస్తాడు. ఈ లైసెన్సులో అంగంటే చీమ అంగేనని ఇప్పుడే రాయించుకోకూడదూ?"

జంబయ్య కళ్లు మెరిశాయి. "మైలయ్య మావా! ఎద్దువైనా బుర్రున్నోడివి! రాయండి కార్యదర్శి గారూ. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడ 'అంగ' అని ఉన్నా అది చీమ అంగే. ఇది మార్చే హక్కు ఎవరికీ లేదని కూడా రాయండి!"

కొండముచ్చు రాశాడు. ఎలుగుబంటి పంజా ముద్ర వేశాడు.

"ఇంక ఆలస్యమెందుకు? స్థలం కొలిచి అప్పజెప్పండి" అన్నాడు మైలయ్య.

కొండముచ్చు లైసెన్సు పైకి చదివాడు. "దుకాణం పొడవు పన్నెండు అంగలు, వెడల్పు ఎనిమిది."

చీమ మళ్లీ నడిచింది. పొడవుకి పన్నెండు, వెడల్పుకి ఎనిమిది. నాలుగు మూలలా గడ్డిపరకలు పాతారు. ఓ రేగుపండు పెడితే నిండిపోయేంత స్థలం తేలింది.

"ఇందులో నా కాలే పట్టదే!" అని లబోదిబోమన్నాడు జంబయ్య.

"పట్టకపోతే మీ ఇష్టం. బయటికొచ్చిందంతా ఆక్రమణ కింద వస్తుంది" అన్నాడు కొండముచ్చు.

"అయితే కొత్త దరఖాస్తు పెడతా!"

"ఎలా పెడతారు? అడవికి ఒక్కటే లైసెన్సు. అది మీకిచ్చేశాంగా!"

జంబయ్య ఒంటికాలి గోటి మీద నిలబడి, ఒకే ఒక్క ఆకు పట్టుకుని దుకాణం తెరిచాడు. ఆకు అంచు గడ్డిపరక దాటింది. కొండముచ్చు వెంటనే దాన్ని స్వాధీనం చేసుకుని, పరిశీలన నిమిత్తం నోట్లో వేసుకున్నాడు.

నీతి: ఎదుటివాణ్ణి ముంచడానికి నువ్వు తెచ్చిన కొలతతోనే చివరికి నిన్నూ కొలుస్తారు.