బీరపువ్వు ఆగిన చద్దిల్లు

రుధిరోద్గారి నామ సంవత్సరం, దీపావళి వెళ్ళిన మరునాడు, శుక్రవారం, సాయంత్రం అయిదున్నర గంటలు. ఉప్పుటేటిపాలెం చద్దింటి పెరట్లో బీరపువ్వు విచ్చుకోకుండా ఆగినది ఆ వేళనే.

ఈనాడు ఈ స్థలం చూడవచ్చేవారు రైలు దిగి కాలేజీ ప్రహరీ వెంట సముద్రం వైపు నడిస్తే ఎత్తరుగుల పెంకుటిల్లు ఒకటి కనబడుతుంది. వీధి గుమ్మానికి కుడిపక్కన చిన్న ఇత్తడి గొట్టం వాలుగా బిగించి ఉంటుంది. అందులో తోలుమీద రాసిన దేవుని వాక్యం చుట్టచుట్టి ఉంది. దానిని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళాలి. లోపల విగ్రహమేదీ ఉండదు. యూదుల దేవునికి రూపం లేదు. ప్రార్థన గది దాటి వెళితే వంటింట్లో పీటమీద నల్లబడిన గుండిగ, పెరటి కంచెమీద బీరపాదు ఉంటాయి. కళ్ళారా చూసుకోవలసినవి ఆ రెండే.

పూర్వం ఇక్కడ ఉప్పు కొఠార్లు ఉండేవి. ఎన్నో తరాల కిందట ఓడలెక్కి వచ్చి, ఉప్పు వ్యాపారంలో కుదురుకుని, తెలుగు తప్ప మరో ఇంటిభాష ఎరుగని యూదు కుటుంబాలు కొన్ని ఈ తీరాన కాపురముండేవి. ఊళ్ళో కాలేజీ వచ్చాక వాళ్ళ పిల్లలూ చదువుకు వచ్చారు. ఆ రోజుల్లో ఏ కులం హాస్టలు ఆ కులానిదే. ఏ గుమ్మమెక్కినా మొదట అడిగేది, మీరెవరు అని. యూదులమంటే అడిగినవారికి అర్థమయ్యేది కాదు. అర్థమయ్యేలా చెప్పేసరికి తలుపు మూసేవారు.

కొఠారు గుమాస్తా హిజ్కియాగారు తన అరుగుమీద ముడుచుకుని పడుకున్న ఇద్దరు కుర్రవాళ్ళను ఒక వానరాత్రి లోపలికి పిలిచారు. అదే ఈ ఇంటికి మొదలు. దానికి ఆయన సహోదర సదనమని పేరు పెట్టారు. ఇక్కడ చేరినవాడు తక్కినవాళ్ళకు తోడబుట్టినవాడన్నది కట్టడి. పరీక్షకు పోయేటప్పుడు చిన్నవాడి కలం పెద్దవాడే సరిచేసి ఇవ్వాలి, జ్వరమొస్తే ఒకరి తలగడ దగ్గర ఒకరు కూర్చోవాలి. కాని చేరేది మాత్రం మనవాళ్ళే అయి ఉండాలన్నారు. గుమ్మాల్లో పడ్డ అవమానం అటువంటిది. ఆయన పోయేముందు భార్య దిబోరమ్మ, ఈ ఇల్లు నిలబెడతానని ఆయన చేతిలో చెయ్యి వేసింది. అప్పటినుంచి వండి వడ్డించే తల్లి ఆమే, కట్టడి కాచే పెద్దా ఆమే.

శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా యూదులకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. ఆ వేళల్లో నిప్పు రాజేయరు. కనుక శుక్రవారం వండి గంజి పోసి ఉంచిన అన్నమే శనివారం పొద్దున అందరికీ. ఎదురు వీధి హాస్టలు పిల్లలకు ఇది వేళాకోళమైంది. వాళ్ళలో అచ్యుతమనే మాటకారి వీళ్ళకు చద్దోళ్ళని పేరు పెట్టాడు. వీళ్ళ పొయ్యికి కూడా సెలవుందిరా అనేవాడు. క్లాసులో పేరు పిలిచినా వెనకనుంచి ఆ మాటే వినబడేది.

దిబోరమ్మ అక్క కొడుకు నఫ్తాలి సదనంలో అందరికంటె పెద్దవాడు. అతడు ఏ దారిన పోతే తక్కినవాళ్ళు ఆ దారినే. ఆ శుక్రవారం మధ్యాహ్నం అతడు వంటింటి గడప దగ్గర నిలబడి, "పిన్నీ, రేపు పొయ్యి వెలిగించు. లేదంటే ఆదివారం మేమంతా పెట్టెలు సర్దుకుంటాం. ఎన్నాళ్ళని చద్దోళ్ళమనిపించుకుంటాం?" అన్నాడు.

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు. "పెద్దల మాట చద్దన్నం మూట అన్నారు నాయనా. మాటా ఉంది, మూటా ఉంది. నీకింకా ఆకలే రాలేదు."

పొయ్యి వెలిగిస్తే సబ్బాతు పోతుంది. వెలిగించకపోతే ఇల్లే పోతుంది. ఆ ముడి ఎలా విప్పాలో ఆమెకు తోచలేదు. తోచింది ఒక్కటి, తెల్లవారుజామున వచ్చిన కల. కలలో హిజ్కియాగారు పంక్తిలో విస్తరి ముందు కూర్చుని ఉన్నారు. "నా వెనక చాలామంది ఉన్నారు దిబోరా. గుండిగ నిండా వండు" అన్నారు. ఆయన వెనక చూస్తే చీకటి, చీకట్లో నీళ్ళ చప్పుడు.

పెళ్ళికి తప్ప దించని గుండిగను ఆమె అటకమీదినుంచి దింపించింది. నెలకు సరిపడా ఉన్న బియ్యమంతా అందులో పోసింది. పిన్నికి మతి తప్పిందని పిల్లలు మొహాలు చూసుకున్నారు. అప్పటికే ఈదురుగాలి మొదలైంది. కట్టెలు చెమ్మగిల్లి పొగ తప్ప మంట రాదు. దిబోరమ్మ కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే నఫ్తాలి చూడలేక, వచ్చి కూర్చుని ఊదుగొట్టం పుచ్చుకుని ఊదసాగాడు.

దిబోరమ్మకు గడియారం కంచెమీదే ఉండేది. బీరపువ్వు పొద్దుగూకే వేళకు విచ్చుకుంటుంది. పువ్వు విచ్చిందంటే సబ్బాతు గడప తొక్కినట్టే. అప్పటికి జంట దీపాలు వెలిగి, పొయ్యి ఖాళీగా ఉండాలి. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆమెకు ఆ వేళ తప్పలేదు. ఆ రోజు మబ్బులో సూర్యుడెక్కడున్నాడో తెలియదు. ఆమె వెళ్ళి చూసేసరికి మొగ్గల కొసలు పచ్చబడి పెదవులు విడుతున్నాయి. గుండిగలో అన్నం ఇంకా సగం పలుకు.

ఆమె ఏమి ప్రార్థించిందని తరవాత చాలామంది అడిగారు. "ఆగమని అడగలేదమ్మా. అడిగే ధైర్యం నాకెక్కడిది? చూస్తూ నిలబడ్డాను, అంతే" అని చెప్పేది.

మొగ్గలు ఆగాయి. పాదు గాలికి పెనుగులాడుతోంది, ఆకులు చిరిగిపోతున్నాయి, మొగ్గ మాత్రం ఒక్క రేకు విప్పలేదు. లోపల నఫ్తాలి ఊపిరి బిగబట్టి ఊదుతున్నాడు. అన్నం ఉడికింది. నలుగురూ పట్టి గుండిగ దించారు. పొయ్యిలో కట్టెలు లాగి నిప్పు మీద నీళ్ళు చల్లారు. దిబోరమ్మ దీపాలు వెలిగించి, ఆచారం ప్రకారం రెండు చేతులతో కళ్ళు మూసుకుని స్తుతి చెప్పింది. చేతులు తీసి కిటికీలోంచి చూసేసరికి కంచె పొడవునా పసుపు పచ్చ. అన్ని పువ్వులూ ఒక్కసారే విచ్చాయి. నఫ్తాలి కూడా చూశాడు. చేతిలో ఊదుగొట్టం అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి ఉప్పెన వచ్చింది. తెల్లవారేసరికి ఎత్తరుగుల ఈ ఇల్లు తప్ప చుట్టుపక్కలంతా నడుము లోతు నీళ్ళు. ఊళ్ళో పొయ్యిలు కరిగిపోయాయి. ఎండు పుల్ల దొరికే చోటు లేదు. బియ్యమున్నవాళ్ళకు కూడా అన్నం లేదు.

నీళ్ళలో ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఎదురు హాస్టలు పిల్లలు వచ్చారు. ముందు నడుస్తున్నవాడు అచ్యుతం. అరుగు కింద నిలబడ్డాడు గాని మెట్టు ఎక్కలేదు. గుమ్మంలో నఫ్తాలి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నఫ్తాలి నోట్లో ఏ ప్రశ్న సిద్ధంగా ఉందో అచ్యుతానికి తెలుసు. తమ గుమ్మంలో వీళ్ళను అడిగిన ప్రశ్నే కదా.

లోపలినుంచి దిబోరమ్మ అంది. "ఎవరని అడక్కు నాయనా. తిన్నారా అని అడుగు."

నఫ్తాలి అరుగు అంచుకు వచ్చాడు. వంగి చెయ్యి చాచి, "తిన్నావా?" అన్నాడు.

అచ్యుతం తల వంచుకుని, "చద్ది ఉందా?" అన్నాడు.

అది మొన్నటిదాకా తిట్టు. ఆ పొద్దున ఊరంతటికీ అంతకంటె తీయని మాట లేదు. నఫ్తాలి అతణ్ణి పైకి లాగి, తన చేతులతోనే మొదటి విస్తరి వేశాడు. గంజి, ఉప్పు, ఉల్లిపాయ, ఊరమిరపకాయ. తరవాత జాలరులు వచ్చారు, కొఠారు కూలీలు వచ్చారు, మడి కట్టుకుని వండుకునే ముసలమ్మ ఒకావిడ దేవుడికి చెప్పుకుని వచ్చింది. ఎందరు తిన్నారో లెక్క లేదు. మనుషుల్నీ మెతుకుల్నీ లెక్కపెట్టకూడదని దిబోరమ్మ వారించింది. గరిటె వేసినప్పుడల్లా అన్నం తగిలింది. అంతే తెలుసు.

నేటికీ ప్రతి శనివారం ఉదయం ఇక్కడ చద్దన్నం పెడతారు. నువ్వెవరని ఎవరూ అడగరు, తిన్నావా అనే అడుగుతారు. మనవాళ్ళే అన్న కట్టడి ఆ పొద్దుతోనే పోయింది. కట్టడి పోయినా సబ్బాతు పోలేదు. శనివారం ఈ పొయ్యి ఇప్పటికీ వెలగదు. పరీక్షల ముందు అన్ని మతాల పిల్లలూ వచ్చి గుమ్మం తాకి తిని వెళతారు. ఇక్కడ తిన్నవాడు పాసవుతాడని పెద్దలు చెప్పరు. తోడు లేకుండా ఉండడని మాత్రం చెబుతారు. గుండిగ అడుగున పిడికెడు మిగిల్చి ఆదివారానికి ఉంచుతారు. అది ఎందుకంటే,

ఆ ఆదివారం పొద్దున పొయ్యి రాజేసి దిబోరమ్మ వేడన్నం వండింది. పెట్టె సర్దుకుంటానన్న నఫ్తాలి ముందు పొగలు కక్కే విస్తరి పెట్టి పక్కన నిలబడింది. అతడు చెయ్యి కడగలేదు. "పిన్నీ, నిన్నటిది ఏమైనా మిగిలిందా?" అన్నాడు. ఉండదనుకుంటూనే ఆమె గుండిగలోకి వంగి తడిమింది. పిడికెడు తగిలింది. అప్పుడే తడిసిన పెట్టె నెత్తిన పెట్టుకుని అచ్యుతం గుమ్మంలోకి వచ్చాడు. ఆ పిడికెడు అందరూ తలా మెతుకూ తిన్నారు. తిన్నాక నఫ్తాలి తన పెట్టె అటక ఎక్కించాడు, పక్కన ఇంకో పెట్టెకు చోటు వదిలి.