మూడు వేసి చూడు

సాలూరులో లెక్కల ట్యూషన్ చెప్పే సింహాద్రి మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా సందేహం అడిగితే నేరుగా జవాబు చెప్పరు. సుద్దముక్క చేతికిచ్చి బోర్డు చూపిస్తారు. అడిగినవాళ్లకి ఒళ్లు మండేది. ఆయనకది పట్టేది కాదు.

ఆ ఏడాది ఆయన చూపు మసకబారింది. పదో తరగతి పిల్లల్ని తన దగ్గరే చదువుకున్న రత్నకుమారికి అప్పగిస్తారని అంతా అనుకున్నారు. ఆయన మాత్రం ఇంకా ఔననలేదు. రత్నకుమారి ప్రాణమంతా ఆ క్లాసు మీదే ఉంది.

ఒకరోజు పిల్లలు రాకముందు ఆమె అడిగింది. "మాస్టారూ, రెండు బీజీయ సమాసాలు ఒకటేనని తేల్చడానికి అంతసేపు బోర్డు నింపడం ఎందుకండీ? కాలిక్యులేటర్‌లో ఎక్స్‌కి నాలుగు విలువలిచ్చి చూస్తే చిటికెలో తేలిపోదూ?"

మాస్టారు సుద్దముక్క ఇచ్చారు. "ఇవాళ పాఠం నువ్వే చెప్పమ్మా. ఇవి రెండూ ఒకటో కాదో పిల్లలకి తేల్చి చెప్పు" అని బోర్డు మీద x³ + 2x అనీ, పక్కనే 3x² అనీ రాయించి, తాను పోయి వెనక బెంచీలో కూర్చున్నారు.

పిల్లలొచ్చారు. రత్నకుమారికి ఆ రెంటినీ చూస్తే పంటికింద రాయి తగిలినట్టయింది. ఒకదాంట్లో ఘనం, రెండోదాంట్లో వర్గం, ఎలా కుదురుతాయి? అయినా కాలిక్యులేటర్ తీసింది. ఎక్స్‌కి సున్నా వేస్తే రెండూ సున్నా. ఒకటి వేస్తే రెండూ మూడు. రెండు వేస్తే రెండూ పన్నెండు. హమ్మయ్య! యంత్రం అన్నిసార్లు ఔనన్నాక పంటికింద రాయి ఎవరికి గుర్తుంటుంది? మధ్యలో ఇంత సమానం గుర్తు గీసి, "చూశారా, రెండూ ఒకటే. రాసుకోండి" అంది. పిల్లలు బుద్ధిగా రాసేసుకున్నారు.

వెనక నుంచి మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మా ఇంట్లో నేనూ, మా ఆవిడా, మా అత్తగారూ. ముగ్గురం. మా మొహం చూసైనా మూడు కూడా వేసి చూడు తల్లీ."

వేసింది. ఒకటి ముప్పైమూడు. ఇంకొకటి ఇరవైఏడు.

మిషను పాడైందేమోనని మళ్లీ నొక్కింది. పాడవలేదు. రత్నకుమారికి తల కొట్టేసినట్టయింది. ఇక ఈ క్లాసు తనకి దక్కినట్టే అనుకుంది, ఏడుపొకటే తక్కువ. అయినా సమానం గుర్తు మీద అడ్డంగా గీత కొట్టి పిల్లల వైపు తిరిగింది. "నేను తప్పు చెప్పాను. కొట్టేయండి. చూడగానే అనుమానం వచ్చింది, వదిలేశాను."

తరవాత కాలిక్యులేటర్ చూపిస్తూ మెల్లగా అడిగింది. "అయితే దీన్ని నమ్మకూడదంటారా మాస్టారూ?"

"దాన్నెందుకు ఆడిపోసుకుంటావు? నువ్వడిగినంతవరకూ నిజమే చెప్పింది."

"మరి ఎన్ని వేసి చూస్తే సరిపోతుందండీ?"

మాస్టారు లేచి వచ్చి, సుద్దముక్కల పెట్టె మొత్తం ఆమె ముందు పెట్టి, చెప్పులేసుకున్నారు. గుమ్మం దగ్గర ఆగారు.

"కాదనడానికి ఒక్క అంకె చాలమ్మా. ఔననడానికి... ఇదిగో, బోర్డుంది, సుద్ద ఉంది. రేపు వేళకి రా, పిల్లలు నీకోసం చూస్తుంటారు."