చిటికెడు సాంబ్రాణి

రోమా చక్రవర్తుల కాలంలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక రేవు పట్టణంలో, రూఫు అనే రొట్టెల వ్యాపారి రెండు పడవల మీద కాళ్ళు పెట్టి బతుకుతూ ఉండేవాడు. తెల్లవారకముందే క్రైస్తవులతో కలిసి రహస్యంగా ప్రార్థన చేసేవాడు. పొద్దెక్కాక బజారులో చక్రవర్తి విగ్రహానికి అందరికంటే ఎక్కువగా వంగి దండం పెట్టేవాడు. "దేవుడికి మనసు చాలు, రాజుకు దండం చాలు" అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

చనిపోయిన అక్క కూతురు వితాలియ అతని ఇంట్లోనే పెరిగింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఏదీ సగం సగం చేసేది కాదు. పిండి పిసికితే మోచేతుల దాకా పిండే! నవ్విందంటే వీధి చివరివాళ్ళు కూడా తల తిప్పి చూసేవాళ్ళు. బాప్తిస్మం తీసుకున్న రోజున సంతోషం పట్టలేక పొయ్యి ముందు గంతులు వేసింది.

ఆ ఏడు పట్టణానికి కొత్త అధికారి వచ్చాడు. చక్రవర్తి పుట్టినరోజున అందరూ విగ్రహం ముందు నిప్పుల్లో సాంబ్రాణి వెయ్యాలనీ, వెయ్యనివాళ్ళకు మరణమేననీ చాటింపు వేయించాడు.

రూఫు గుండె జారిపోయింది. "చిటికెడు సాంబ్రాణే కదమ్మా! చెయ్యి వేస్తుంది, మనసు వెయ్యదు. దేవుడికి తెలియదా?" అని మేనకోడల్ని బతిమాలాడు.

"చెయ్యి ఒకరికీ మనసు ఒకరికీ ఇస్తే, ఇక నేను ఎవరిదాన్ని మామయ్యా?" అంది వితాలియ.

"చిన్నపిల్లవి. చావంటే ఏమిటో నీకు తెలియదు."

"భయంగానే ఉంది మామయ్యా. కానీ క్రీస్తును కాదనాలంటే అంతకంటే భయంగా ఉంది."

ఆ రోజు రానే వచ్చింది. వరుసలో వితాలియ వంతు రాగానే అధికారికి జాలి కలిగింది. "పాపా, నీకింకా ఎంతో బతుకుంది. వేళ్ళు కాస్త కదిలించు, ఇంటికి పోవచ్చు" అన్నాడు.

"అయ్యా, చక్రవర్తి చల్లగా ఉండాలని రోజూ ప్రార్థిస్తాను. మొక్కేది మాత్రం క్రీస్తుకే" అంది.

భటులు ఆమెను చెరసాలకు తీసుకుపోయారు. వెనకే ఉన్న రూఫు మెల్లగా జనంలోకి జారుకున్నాడు.

సాయంత్రం అతను వేడి రొట్టెలు పట్టుకుని చెరసాలకు వెళ్ళాడు. లోపల వితాలియ పాడుతోంది. రొట్టెలు తుంచి తోటి ఖైదీలకు పెట్టింది, కాపలావాళ్ళకూ పెట్టింది. మేనమామ కళ్ళు తుడిచి, "నన్ను పండగకు పంపుతున్నట్టు పంపు మామయ్యా" అంది.

మర్నాడు బజారులో విగ్రహం ముందుకు ఆమె నిజంగా పండగకు వెళుతున్నట్టే నడిచింది. మోకరించి కళ్ళు మూసుకుంది. కత్తి దిగింది.

"నిన్న సాంబ్రాణి వెయ్యకుండా మిగిలినవాళ్ళు రండి" అన్నాడు అధికారి.

రూఫు ముందుకు వచ్చాడు. గుప్పిట్లోని సాంబ్రాణిని నేలమీద వదిలేశాడు. "నేను ఆ పిల్ల మేనమామను. నేనూ క్రైస్తవుణ్ణే. ఇన్నాళ్ళూ దాచాను. ఇక దాచను!" అని ఎలుగెత్తి చెప్పాడు.

"నేనూ!" అన్నాడొక జాలరి. "నేనూ!" అంది ఒక ముసలమ్మ. అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు గొంతు కలిపారు. అధికారి ఆ ముఖాలన్నీ చూశాడు. ఇందరిని చంపితే ఊరు తిరగబడుతుంది. పైగా ఆ పిల్ల ముఖం అతని కళ్ళముందు నుంచి పోవడం లేదు. అందరినీ ఊరు విడిచి పొమ్మని ఆజ్ఞాపించాడు.

ఊరి ద్వారం దగ్గర కాపలావాడు రూఫును చూసి ఆశ్చర్యపోయాడు. "ఇల్లు పోయింది, అంగడి పోయింది, పెంచిన పిల్ల పోయింది. నీ ముఖం ఇలా వెలిగిపోతోందేమయ్యా?"

"పిల్ల కోసం ఏడుపు ఉంది బాబూ, అది ఉంటుంది. కానీ బుద్ధెరిగాక ఇవాళే మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను" అన్నాడు రూఫు. తోటివాళ్ళతో కలిసి ఎండలో తలెత్తుకుని నడిచిపోయాడు.

నీతి: సగం మనసుతో నమ్మేవాడిని భయం వదలదు. నిండు మనసుతో నమ్మినవాడి సంతోషాన్ని ఏ రాజూ లాక్కోలేడు.