తడిగొంతమ్మ కనుమ

చింతరేవుల నుండి కనుమదారి ఎక్కే భక్తులకు రెండో మలుపు దగ్గర పడమటి ముఖంగా ఒక చిన్న రాతిగుడి కనిపిస్తుంది. లోపలి తల్లి పేరు తడిగొంతమ్మ. ఆమె చేతిలో కత్తి గాని శూలం గాని లేవు. ముందుకు చాచిన ముంత మాత్రమే ఉంది. ఆ పేరు వచ్చిన వైనం ఇది.

పూర్వం ఇక్కడ అమ్మవారు పేరులేని పొలిమేర రాయిగా ఉండేది. ఎవరు ఏ ఒప్పందం చేసుకున్నా ఆ రాయి ముందు మూడుసార్లు పైకి చెప్పాలన్నది కట్టుబాటు. వరుసగా మూడో ఏడు వానలు లేని వేసవిలో మాళింగప్ప అనే గొర్రెల కాపరి మందతో, ఇద్దరు బిడ్డలతో ఈ దారిన వచ్చాడు. ఆ చుట్టుపక్కల నీరున్నది మందలూ చేలూ ఉన్న పాపినాయుడి బావి ఒక్కటే. నాయుడు నీళ్ళు ఇస్తానన్నాడు. బదులుగా మాళింగప్ప, అతని బిడ్డలు, వాళ్ళకు పుట్టే బిడ్డలు కూడా తన మందలే కాయాలన్నాడు. కూలబడుతున్న గొర్రెలను, పగిలిన బిడ్డల పెదవులను చూసి మాళింగప్ప తల ఊపాడు.

తీరా రాయి ముందు నిలబడితే అతనికి మాట పెగల్లేదు. గొంతు అంతగా ఎండిపోయింది. తల ఊపితే చాలదా అన్నాడు నాయుడు. పూజారి ఓబులవ్వ ఒప్పుకోలేదు. రాయి ముందు పెట్టి ఉన్న అమ్మవారి ముంతలోని నీళ్ళు బిడ్డలకూ అతనికీ పోసి, "ఇప్పుడు చెప్పు నాయనా, ఇది నీకిష్టమేనా?" అని అడిగింది.

మాళింగప్ప బిడ్డల వైపు చూశాడు. "ఇష్టం లేదవ్వా. మంద పోతే పోనీ. పుట్టబోయే వాళ్ళ బతుకు నేనెట్ల రాసిచ్చేది?" అన్నాడు. నడవగలిగిన గొర్రెలను కనుమ దిగువకు మళ్ళించాడు.

నాయుడు విసవిసా ఇంటికి వెళ్ళి నడుము వాల్చాడు. ఆ మధ్యాహ్నపు కునుకులో, ఎండిన పెదవులతో ఒక ఆడమనిషి అతని బావిగట్టు మీద నిలబడి ఉంది. చేతిలో అమ్మవారి ముంత ఉంది. "దప్పికవుతోంది నాయుడూ. నేనేం రాసియ్యాలి?" అని అడిగింది.

నాయుడు చెప్పులైనా తొడుక్కోకుండా పరుగెత్తి మందను వెనక్కు తోలుకొచ్చాడు. తానే మోకు పట్టి నీళ్ళు తోడాడు. అప్పటికే పదకొండు గొర్రెలు చచ్చిపోయాయి. మిగిలిన వాటిలో చివరి గొర్రె కూడా తాగి తల ఎత్తాక మాళింగప్ప నోరు విప్పాడు. ఏటా వేసవిలో ఒక వారం తన మందను నాయుడి చేలో కడతానని, ఎరువు నాయుడికి, నీళ్ళు మందకు అని చెప్పాడు. ఇష్టమేనా అని ఈసారి నాయుడే అడిగాడు. ఇష్టమేనన్న మాళింగప్ప మాట తడిసిన గొంతుతో రాయి ముందు మూడుసార్లు స్పష్టంగా వినపడింది. అప్పటి నుండి ఆ తల్లి తడిగొంతమ్మ అయింది.

నేటికీ కౌలుకైనా, భాగాల పంపకానికైనా, పెళ్ళి మాటకైనా ఇక్కడికి వచ్చినవారిలో అవసరం ఎక్కువున్నవారికే మొదట నీళ్ళిస్తారు. తాగాక గుడి వెనుక అరుగు మీద కాసేపు ఒంటరిగా కూర్చోనిస్తారు. తరువాతే పూజారి వారి ఇష్టం అడుగుతుంది. ఇక్కడ కుదిరిన మాటను తల్లి కాపాడుతుందని, ఇరువైపుల ఇళ్ళూ చల్లగా ఉంటాయని నమ్మకం. కాదన్నవారికీ అదే తీర్థం, అదే ప్రసాదం. ఎందుకు కాదన్నావని మాత్రం వారిని ఎవరూ అడగరు.